రొయ్యపొట్టు గొట్టం

శామీర్‌పేట,
12 జూన్ 2025

మేనకోడలు సుస్మితకు,

మీ మేనత్త సరళ రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మామ, చెరువు అందరం క్షేమం. నా కుడిచెయ్యి మాత్రం క్షేమంగా లేదు. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసి కూడా నువ్వు చేసిన పనికే ఈ ఉత్తరం.

అక్షరాలు వంకరపోయాయని నవ్వకు, ఎడమచేత్తో రాస్తున్నాను. బళ్లో నా దస్తూరి చూసి పంతులుగారు బోర్డు మీద సూక్తులన్నీ నాతోనే రాయించేవారు. ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్లో పడుకొని నేను రాసేది చూస్తున్నది.

ఫోనుండగా ఉత్తరమెందుకని మీ నాయిన అడుగుతాడు. మృగశిర నాడు అందరి ముందు కట్టమైసమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాను కదా, నా పేరు మళ్లీ ఆ లిస్టులో ఎక్కేదాకా నీతో మాట్లాడనని. ఒట్టంటే ఒట్టే. అయితే మాట్లాడనన్నాను గానీ రాయనని అనలేదు. నిన్ను తిట్టకుండా ఊరుకుంటే నాకు అన్నం అరగదు.

ఏడాదికొక్కసారి వచ్చే మృగశిర అది. తెల్లారకముందే జనం సంచులు పట్టుకొని నా దుకాణం ముందు నిలబడతారు. ఈసారి కూలి మనిషి చేపలు కోస్తుంటే నేను పక్కన కూర్చొని చూశాను. మధ్యాహ్నం మీరందరూ భోజనానికి వచ్చారు. నీకు ఇష్టమని తలకాయ ముక్క నీ కంచంలోనే వేశాను. అది తింటూ తింటూ, పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా, "అత్తా, లిస్టుల నుంచి నీ పేరు నేనే దీపిచ్చిన" అన్నావు. "ఎందుకే?" అంటే, "రూల్స్ అట్ల ఉన్నయి" అన్నావు. నేను కంచంలోనే చెయ్యి కడుక్కున్నాను.

ఆ లిస్టు గురించి నాకు ఆశ పెట్టింది ఎవరు? పోయిన ఏడు బతుకమ్మ ముందు పెద్ద బొచ్చె చేప జారి నా మణికట్టు కత్తిపీట మీద పడ్డది. ఆసుపత్రిలో పైన తోలు కుట్టి పంపించారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు పరాయివాళ్లవి అయినట్టు మొద్దుబారాక, లోపల నరం తెగి రెండు కొసలూ దూరమైనాయని చెప్పారు. అప్పుడు నువ్వే వచ్చి, "మా ల్యాబుల గొట్టం జేస్తున్నం అత్తా, నరం దాంట్ల నుంచి పెరిగి అతుక్కుంటది" అన్నావు. జనార్ధన్ సార్ దగ్గరికి తీసుకుపోయింది నువ్వు. మనుషులకు మొదటిసారి పెట్టబోయేవాళ్లలో నా పేరు రాయించింది నువ్వు. కాలి నరం తీసి చేతికి వేసే ఆపరేషన్ ఉందని డాక్టర్లు చెబితే, అది చేయించుకుంటే గొట్టం పెట్టము, ఆగండి అన్నది మీ సారు. నేను ఆగాను.

ఇప్పుడు రూల్సా? ఒక్కటే అడుగుతాను. చేపల వాసన వచ్చే అత్తను పెద్ద సార్ల ముందు నీ మనిషినని చెప్పుకోవడానికి సిగ్గయిందా? రోజూ నీ బస్సు నా దుకాణం ముందు నుంచే పోతుంది. కిటికీ పక్క సీటులో కూర్చొని తల అటు తిప్పుకుంటావు. నా కళ్లకు ఏ రోగమూ లేదు.

కోపంగానే ఉన్న నీ మేనత్త,
సరళ

*

బహదూర్‌పల్లి,
19 జూన్ 2025

అత్తా,

నీ ఉత్తరం శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్ పోయి, అక్కడ నిద్రచేసి, మళ్లీ ఇటు వచ్చింది. అదే ఉత్తరాన్ని బస్సు కిటికీలోంచి నా మీద విసిరితే ఒక్క నిమిషంలో అందేది.

సిగ్గు అన్న మాట నువ్వు ఎట్లా రాశావో నాకు అర్థం కావడం లేదు. బడి నుంచి వచ్చి నీ దుకాణం వెనక గన్నీ సంచి మీద కూర్చొని హోంవర్క్ చేసుకున్నదాన్ని నేను. కాలేజీలో ఎవరో ముక్కు మూసుకుంటే, "అవును, మాది చేపల ఇల్లే, ఏమంటవ్?" అని లేచినదాన్ని. బస్సులో తల తిప్పుకోవడం సిగ్గుతో కాదు. నీ ఒళ్లో ఆ చెయ్యి కనిపిస్తుంది, చూడలేను.

రూలు సంగతి మళ్లీ చెప్తాను. పరిశోధన చేసేవాళ్ల దగ్గరి బంధువులను ప్రయోగంలో పెట్టుకోకూడదు. మేము మా వాళ్లకు మేలు జరగాలని లెక్కలు మార్చేస్తామని అనుమానం వస్తుంది. నీ పేరు రాయించినప్పుడు నాకు ఇది గుర్తురాలేదు, తర్వాత గుర్తొచ్చింది. అంతే.

మామ ఆ రోజు భోజనం దగ్గర, గొట్టం లోపల వేసే పూత గురించి, "ప్లాస్టిక్కుల కరెంటు ఎట్ల పోతదే, తీగ మీద తొడిగేదే ప్లాస్టిక్కు గదా" అని అడిగాడు. మన గొడవలో ఆయనకు జవాబు చెప్పలేదు. మామూలు ప్లాస్టిక్కు కరెంటును ఆపే మాట నిజమే. మేము వాడేది పాలీపిరోల్ అని వేరే రకం, బొగ్గులాగా నల్లగా ఉంటుంది. ఇది కరెంటును పోనిస్తుంది. ఒంట్లో నరాల గుండా పోయే కబురు కూడా ఒక రకం కరెంటే, చాలా చిన్నది. గొట్టం లోపల ఈ నల్లపూత వేస్తే తెగిన నరం కొసకు దారి దొరికినట్టయి తొందరగా పెరుగుతుంది. గొట్టం మాత్రం ప్లాస్టిక్కు కాదు. రొయ్యల పొట్టు నుంచి తీసిన పదార్థం. ఒంట్లో మెల్లగా కరిగిపోతుంది. మామకు చెప్పు, ఆయన పట్టే రొయ్యలకు ఇంత విలువ ఉందని.

అత్తా, నా మాట విని కాలి నరం ఆపరేషన్ చేయించుకో. పాదం పక్కన కొంచెం మొద్దుబారుతుంది, అంతకన్నా ఏమీ కాదు. నరం తెగి ఎక్కువ కాలమైతే చేతి కండ ఎండిపోతుంది. ఇంక ఆగకు.

సుస్మిత

*

శామీర్‌పేట,
27 జూన్ 2025

కోడలా,

ఈ ఉత్తరం కంటే ముందే నీకు ఒక మూట వచ్చి ఉంటుంది. తపాలా ఆఫీసులో కుర్మయ్య దాన్ని తూకం వేస్తూ, "సరళక్కా, గిండ్ల ఏం బెట్టినవే, ఆఫీసంత గుప్పుమంటాంది!" అని కండువా ముక్కుకు కట్టుకున్నాడు. మా కోడలికి కావలసిన వస్తువులే అన్నాను.

దాన్ని ఏం చేయాలో నీకు నేను చెప్పక్కర్లేదు. అంత చదువు చదివావు.

కాలి ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తకు. ఒక చోట తెగిందని ఇంకో చోట తెంచుకోవాలా? గొట్టం ఉందని చెప్పిన నోటితోనే కాలు కోయించుకోమంటావా? మీ మామ రొయ్యల మాట విని పొద్దటి నుంచి మీసం దువ్వుతున్నాడు. "మన రొయ్యలు డాక్టర్లయినయే" అంటాడు. ఆయనతో వేగలేక చస్తున్నాను.

సరళ

*

బహదూర్‌పల్లి,
3 జూలై 2025

అత్తా,

మూట అందింది. నేను ల్యాబులో ఉండగా మా ఇంటి ఓనరమ్మ తృప్తి గారి చేతికి అందింది. వానకు తడిసి వచ్చిందేమో, సాయంత్రానికి మెట్ల మీద ఎవ్వరూ నిలబడలేకపోయారు. పై వాటా వాళ్లు ఎలుక చచ్చిందని నీళ్ల ట్యాంకు కూడా తెరిచి చూశారు. తృప్తి గారు అగరొత్తి వెలిగించి నా గుమ్మంలో పెట్టి పోయారు. తిడితే బాగుండేది.

నాకు అర్థమైంది. వాసనకు సిగ్గుపడే కోడలికి వాసనే కానుక పంపావు. నీ మీద నాకున్న ప్రేమకు ఇదా మర్యాద? నేను చెప్పేది నువ్వు వినవు, వినకపోగా నలుగురిలో నవ్వులపాలు చేస్తావు.

మూట మూటగానే చెత్త బండిలో వేశాను. ఈపాటికి జవహర్‌నగర్ చెత్తగుట్ట చేరి ఉంటుంది. అక్కడి వాసనలో నీ వాసన ఎవరికీ తెలియదు.

మనం కొన్నాళ్లు రాసుకోకపోవడమే మంచిది.

సుస్మిత

*

శామీర్‌పేట,
10 జూలై 2025

సుస్మితా,

చెత్త బండిలో వేశావా?

నీ ఉత్తరంలో నువ్వే రాశావు కదా, గొట్టం రొయ్యపొట్టుతో చేస్తారని. ఎవరి రొయ్యల పొట్టో నా ఒంట్లోకి పోవడమెందుకు, మన చెరువుదే అయితే నా చేతికి తొందరగా అలవాటవుతుందని అనుకున్నాను. మీ మామ పడవేసుకొని పోయి ఏరి తెచ్చాడు. నేను ఎడమచేత్తో ఒలిచి, నాలుగు నీళ్లలో కడిగి, మిద్దె మీద ఆరబెట్టి, కాకులను తోలుతూ కూర్చున్నాను. రూలు గీలు అని నువ్వు ఎంత అన్నా, నా పొట్టుతో నువ్వు గొట్టం చేస్తే అది ఇంకెవరికి పెడతావు, నాకే కదా అని మనసులో లెక్క వేసుకున్నాను. ఆ మూటలో ఎత్తిపొడుపు లేదే పిచ్చిదానా. ఆశ ఉంది.

నవ్వుకో. నవ్వదగిన సంగతే. కానీ నాకు ఏడుపు వచ్చింది, అది కూడా తెలుసుకో.

ఇంక రాసుకోవద్దు అన్నావు. నువ్వు మానుకో, నేను మానను. ఎందుకంటే నిన్న ఆసుపత్రికి పోయాను. గొట్టం సంగతి చూసే సుప్రజ అనే అమ్మాయి ఉంది కదా, ఆమెను నిలదీశాను. "బంధువులైతే రావద్దన్న రూలు ఎక్కడున్నది బిడ్డా?" అని అడిగాను. ఆమె పుస్తకమంతా తిరగేసి, "అట్లాంటిదేం లేదమ్మా, మీ కోడలు మిమ్మల్ని పరీక్ష చెయ్యకుంటే సరిపోతది. వేరేవాళ్లు జేస్తరు. మీరే వద్దనుకున్నరని రాసిన్రు గదా" అన్నది.

నేనే వద్దనుకున్నానా? ఎప్పుడు? ఎవరితో అన్నాను?

నువ్వు అబద్ధమాడావు. చిన్నప్పుడు కూడా నీకు అబద్ధమాడడం చేతకాదు. చెవులు ఎర్రబడేవి. అందుకే నా మొహం చూడకుండా, కంచం వైపు చూస్తూ చెప్పావు. సిగ్గు కాదన్నావు, రూలు లేదు. మరింకేముంది? నా గొట్టాన్ని డబ్బున్నవాళ్లెవరికైనా మాట ఇచ్చారా? నిజం చెప్పు. నిజమేదైనా దాన్ని మోసే ఓపిక నాకుంది. అబద్ధమే మోయలేను.

సరళ

*

బహదూర్‌పల్లి,
20 జూలై 2025

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజు ల్యాబుకు పోలేదు. మిద్దె మీద కాకులను తోలుతూ కూర్చున్న నిన్ను తలుచుకొని చాలాసేపు ఏడ్చాను. పొట్టు సంగతికి క్షమించు. ఇంకో సంగతికి క్షమించమని అడగడానికి ముందు అదేమిటో చెప్పాలి.

డబ్బున్నవాళ్లకు మాట ఇవ్వలేదు. గొట్టమే బాగాలేదు.

మనుషులకు పెట్టడానికి అనుమతి ఇచ్చే కమిటీ ఒకటి ఉంటుంది. ఆ కమిటీకి మేము పంపిన కాగితాల్లో మూడు నెలలు పరీక్షించిన ఎలుకల లెక్కలే ఉన్నాయి. వాటిలో నరం చక్కగా పెరిగింది, అది అబద్ధం కాదు. కానీ కొన్ని ఎలుకలను ఆర్నెల్లు ఉంచాం. వాటిని నేనే చూశాను. కాలు మడిచినప్పుడల్లా గొట్టం వంగుతుంది కదా, వంగి వంగి లోపలి నల్లపూత పగిలింది. సున్నం గోడకు లేచినట్టు పెచ్చులు లేచి పక్క కండలో చేరాయి. చుట్టూ వాచి, పెరిగిన నరాన్నే నొక్కేసింది. అన్నిటిలో కాదు. కానీ పట్టించుకోకుండా వదిలేసేంత తక్కువ వాటిలోనూ కాదు.

జనార్ధన్ సార్‌కు చూపించాను. "ఇది ఇంకా తేలలేదమ్మా, తేలనిది ముందే చెప్పి అందరినీ భయపెట్టకూడదు. తర్వాత వ్యాసంలో రాద్దాం" అన్నారు. ఆయన దుర్మార్గుడు కాదు. బయటి దేశాల గొట్టం మన దగ్గర కూలీనాలీ చేసుకునేవాళ్లకు ఎన్నటికీ అందదని, ఎట్లాగైనా ఇక్కడే చేయాలని జీవితమంతా పెట్టిన మనిషి. తొందరపడుతున్నారు, అంతే. నా పీహెచ్‌డీ ఆయన సంతకం మీద ఉంది.

మణికట్టు రోజంతా వంగే చోటు. నీ చేతిలో ఆ పెచ్చులు ఊహించుకోలేకపోయాను. నీ పేరు మీద "తనకు తానే తప్పుకున్నారు" అని రాయించింది నేనే. పేరు పోతే కోపంతోనైనా కాలి నరం ఆపరేషన్‌కు పోతావనుకున్నాను. నువ్వు కోపంతో ఉత్తరాలు మొదలుపెట్టావు.

ఇది ఎవరికీ చెప్పకు. మామకు కూడా. బయటపడితే నా చదువు ఇక్కడితో ఆగిపోతుంది. నీ కోసం చేశాను అత్తా, అదొక్కటి నమ్ము.

సుస్మిత

*

శామీర్‌పేట,
24 జూలై 2025

సుస్మితా,

రెండుసార్లు చదివాను. మొదటిసారి, నా కోడలు నన్ను కాపాడుకుందని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. రెండోసారి చదివేసరికి అవి ఆరిపోయాయి.

నన్ను తీసేశావు. మిగతావాళ్లు?

రావల్కోల్ లింగం నీకు గుర్తున్నాడా? పేర్లు రాయించిన రోజు బెంచీ మీద నా పక్కనే కూర్చున్నాడు. గడ్డి కోసే మిషన్లో చెయ్యి పడినవాడు. మధ్యాహ్నం నా సద్దిలో సగం అతనికే పెట్టాను. అతనికి ల్యాబులో పనిచేసే మేనకోడలు లేదు. అందుకని అతని చేతిలో పెచ్చులు లేచినా ఫర్వాలేదా? నా చెయ్యి చెయ్యి, అతనిది కట్టెపుల్లనా?

నీ కోసం చేశాను అన్నావు. అంత మాట నాకు వద్దు. నా పేరు చెప్పి అంతమందిని ముంచే ప్రేమ నాకు అక్కర్లేదు.

ఎవరికీ చెప్పకు అని కూడా రాశావు. నిన్న మేడ్చల్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో రావల్కోల్ పోయాను. లింగం పొలం గట్టు మీద ఉన్నాడు. నీ పేరు ఎత్తలేదు. గొట్టం కొన్నాళ్లకు లోపల పగులుతుందట, ఎలుకల్లో చూశారట అని చెప్పాను. అతను లేచి గట్టు చివరిదాకా నడిచి తిరిగి వచ్చాడు. తర్వాత, "ఎర్కుండి గూడ జెప్పలేదా అక్కా?" అని ఒక్క మాట అడిగాడు. దానికి జవాబు చెప్పవలసింది నేను కాదు. నువ్వే పోయి చెప్పు.

ఇప్పుడు నువ్వు చేయవలసినవి చెప్తున్నాను. ఆ ఆర్నెల్ల ఎలుకల సంగతి కమిటీకి రాసి ఇవ్వు. చదువు ఆగిపోతే ఆగనీ. నా పక్కన ఇంకో కత్తిపీట వేస్తాను, ఇద్దరం బతకలేకపోము. రెండోది, నా పేరు మళ్లీ లిస్టులో ఎక్కించు. వద్దనుకున్నది నేను కాదు కాబట్టి దాన్ని తీసేయడానికి నీకు హక్కు లేదు. కమిటీ వాళ్లు ఏదైనా విచారణ పెడితే లిస్టులో ఉన్నవాళ్లనే పిలుస్తారని సుప్రజ చెప్పింది. నన్ను పిలవాలి. నేను పోవాలి.

నువ్వు రాయకపోతే నేను రాస్తాను. ఎడమచెయ్యికి ఇప్పుడు బాగానే అలవాటైంది.

సరళ

*

బహదూర్‌పల్లి,
18 ఆగస్టు 2025

అత్తా,

రాసి ఇచ్చాను.

ఇన్ని రోజులు పట్టింది, తిట్టు. నీ ఉత్తరం సంచిలో పెట్టుకొని ల్యాబుకు పోయి, తీయకుండానే తిరిగి వచ్చిన రోజులు ఉన్నాయి. ఆఖరుకు రావల్కోల్ పోయాను. లింగం నన్ను గుర్తుపట్టి తట్ట బోర్లించి, "కూసో బిడ్డా" అన్నాడు. అతను అడిగిన మాటకు, "ఎరుకే అన్నా, జెప్పలేదు" అన్నాను. అతను తిట్టలేదు. చాయ్ పెట్టించాడు. ఆ చాయ్ తాగలేక, వదిలిపెట్టలేక పడ్డ అవస్థ నాకు తెలుసు. తెల్లవారి కమిటీకి ఎలుకల ఫోటోలు, లెక్కలు అన్నీ ఇచ్చేశాను. అంతకు ముందు జనార్ధన్ సార్‌కు చెప్పే ఇచ్చాను, వెనక నుంచి పొడిచినట్టు ఉండకూడదని.

సార్ కిటికీ వైపు తిరిగి, "నువ్వు ఆపింది నన్ను కాదమ్మా, వాళ్లకు వచ్చే చేతులను" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తున్నది. మరుసటి రోజు నుంచి నా కార్డుకు ల్యాబు తలుపు తెరుచుకోవడం లేదు. విచారణ అయ్యేదాకా లైబ్రరీలో కూర్చోమన్నారు. నాతో కలిసి అన్నం తినే శ్రీదివ్య వేరే బల్ల దగ్గర కూర్చుంటున్నది. భయపడుతున్నానని అనుకోకు. భయం మొన్నటిదాకా ఉండేది, ఇప్పుడు ఒళ్లంతా మంటగా ఉంది.

విచారణ సెప్టెంబర్ 2న. నీ పేరు మళ్లీ ఎక్కించాను. "తనకు తానే తప్పుకున్నారు" అన్నది నా రాత అని, అది అబద్ధమని కూడా రాసి ఇచ్చాను. పేర్లున్న అందరినీ పిలుస్తున్నారు.

కానీ ఒక్క మాట. డాక్టర్‌ను అడిగాను. నీ కాలి నరం ఆపరేషన్‌కు ఇప్పటికే ఆలస్యమైంది, వారం వారం తేడా పడుతుందన్నారు. వచ్చే సోమవారం చేస్తామంటున్నారు. అది చేయించుకుంటే నీ పేరు లిస్టులో ఉండదు, విచారణకు రాలేవు. రాకపోయినా ఫర్వాలేదు అత్తా. నేను చెప్తాను. ముందు నీ చెయ్యి చూసుకో.

సుస్మిత

*

శామీర్‌పేట,
22 ఆగస్టు 2025

కోడలా,

పేరు ఎక్కింది కాబట్టి ఒట్టు తీరింది. కట్టమైసమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఇక ఫోన్ చేయవచ్చు. చేయను, ఎందుకంటే నువ్వు ఆపరేషన్, ఆపరేషన్ అని ఏడుస్తావు, నేను కరిగిపోతాను.

సోమవారం ఆపరేషన్ వద్దని చెప్పేశాను. విచారణ అయ్యాక చేయించుకుంటాను. మీ మామ, "చెయ్యి పోతదే మొండిదానా" అన్నాడు. పోతే పోతుందని అనడం సులువు కాదు. రాత్రి పడుకుంటే ఈ వేళ్లను ఎడమచేత్తో పట్టుకొనే పడుకుంటాను. ఇవి నాకు కావాలి. కానీ ఆ గదిలో నువ్వు ఒక్కదానివే నిలబడి చెబితే, సారు మీద పగతో పిల్ల చెప్తున్నది అంటారు. చెయ్యి పోయినదాన్ని నేను పక్కన ఉంటే ఆ మాట ఎవరంటారో చూస్తాను.

లింగం కూడా వస్తున్నాడు. ఇస్త్రీ అంగీ వేసుకొని రమ్మన్నాను. నువ్వు ఆ రోజు సరిగ్గా తిని రా. కడుపు మాడితే నీ గొంతు వణుకుతుంది.

సరళ అత్త

*

బహదూర్‌పల్లి,
6 సెప్టెంబర్ 2025

అత్తా,

మొన్న మీరందరూ బయటికి పోయాక లోపల ఏం జరిగిందో నీకు తెలియదు కదా. ఫోన్లో చెప్పబోతే, ఆపరేషన్ ఎప్పుడని మామ అరుపులే వినిపించాయి. అందుకే రాస్తున్నాను.

అంతకు ముందు, మీరంతా ఉండగానే సార్ లేచి మాట్లాడారు కదా. ఆయన అన్నీ ఒప్పుకున్నారు, నేను అనుకోలేదు. ఒప్పుకొని, "ప్రమాదం ఉందని ఇప్పుడు చెప్తున్నాం. తెలిసి కూడా కావాలనేవాళ్లకు పెడదాం, వాళ్ల చేతులకు టైం లేదు" అన్నారు. కమిటీలో సగం మంది తల ఊపారు. అప్పుడు అధ్యక్షురాలు నీ వైపు తిరిగి, మీకు కావాలా అమ్మా అని అడిగింది. నేను కళ్లు మూసుకున్నాను అత్తా. నువ్వు అవునంటావనే అనుకున్నాను.

"నాకు గావాలె మేడం. అందరికంటె ఎక్కువ గావాలె. ఎండకాలంల సార్ నా ముంగట కూసొని గీ ముచ్చట జెప్పి ఉంటే, పగిలితే పగులుతదని పెట్టిచ్చుకునేదాన్ని. చెయ్యి నాది, ధైర్యం నాది. గని దాచిపెట్టి, పట్టుబడ్డంక అడుగుతున్నరు. గిట్ల అడిగితే పెట్టిచ్చుకోను. ఎవ్వల్ని పెట్టిచ్చుకోనియ్య" అన్నావు.  లింగం లేచి, "అక్క జెప్పిందే నా మాట" అని కూర్చున్నాడు.

మీరు పోయాక ఎక్కువసేపు పట్టలేదు. ప్రయోగం ఆపేశారు. పూత పగలకుండా చేసి, ఎలుకల్లో ఏడాదికి పైగా చూసి, అప్పుడు మళ్లీ రమ్మన్నారు. సార్‌ను ఆ పని నుంచి తప్పించారు. నన్ను వేరే గైడ్ కింద మొదటి నుంచి మొదలుపెట్టుకోమన్నారు. రెండేళ్ల పని పోయినట్టే. ల్యాబు తలుపు మాత్రం తెరుచుకుంటున్నది.

సోమవారం ఆసుపత్రికి నేను వస్తాను. రావద్దన్నా వస్తాను.

సుస్మిత

*

శామీర్‌పేట,
14 డిసెంబర్ 2025

కోడలు సుస్మితకు,

ఇప్పుడు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం కదా, మళ్లీ ఉత్తరమేమిటి అంటావు. ఫోన్లో నేను ఒకటి మొదలుపెడితే నువ్వు ఏడుపు మొదలుపెడతావు. ఇది మొత్తం చదివి, ఆ తర్వాత ఏడువు.

నిన్న డాక్టర్‌కు చూపించుకున్నాను. కాలి నరం అతుక్కుంది, మెల్లగా పెరుగుతున్నది. వేళ్లకు కొంత స్పర్శ రావచ్చట, ఎండాకాలం దాకా చూడాలట. బొటనవేలు దగ్గర కండ మాత్రం ఎండిపోయింది. అది ఇక రాదని చెప్పాడు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే ఏమోనని నసిగాడు. ఎంత ముందు అని నేను అడగలేదు. నువ్వు కూడా అడగకు, లెక్క వేయకు. ఇంటికి వచ్చి తలుపు వేసుకొని ఒక పూట ఏడ్చాను. మీ మామ చేపలకూర వండి పిలిచాడు. ఉప్పు ఎక్కువైంది, అయినా తిన్నాను.

కత్తిపీటను అటు తిప్పి వేయించుకున్నాను. ఎడమచేత్తో నెడుతున్నాను, కుడి అరచేతి మొదలుతో అదిమి పెడుతున్నాను. ఆలస్యమవుతుంది. మొన్న ఒకాయన, "జల్దీ గానీ, లేకుంటే పక్క దుకాణంకు పోత" అన్నాడు. "పోరాదు, ఎవలు వట్టుకున్నరు?" అన్నాను. పోలేదు, నిలబడ్డాడు.

ఇక అసలు మాట. పోయిన వారం నువ్వు ఫోన్లో, "ఈ పని మానేస్త అత్తా, నీ చేతికి రాని గొట్టం నాకెందుకు" అన్నావు. అప్పుడు కోపంతో ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు చెప్తున్నాను. మానేస్తే నీ మొహం చూడను. ఈసారి ఒట్టు కూడా పెట్టను, ఉత్తరం కూడా రాయను. నా బొటనవేలు పోయింది. అది పోవాలని నేను కోరుకోలేదు, త్యాగమని పేరు పెట్టి నన్ను గుడి కట్టి కూర్చోబెట్టకు. మాకు అబద్ధం చెప్పారు, నేను ఊరుకోలేదు, దానికి ఇంత ఖర్చయింది. అంతే. మళ్లీ అట్లాగే జరిగితే మళ్లీ ఊరుకోను.

నువ్వు ఆ గొట్టం చెయ్యి. పగలనిది చెయ్యి. నా చేతికి కాదు. రేపు ఏ మిషన్లోనో, ఏ కత్తి మీదో పడబోయే చేతికి. అది ఎవరిదో నాకూ తెలియదు, నీకూ తెలియదు. పెట్టే రోజు వచ్చినప్పుడు, మంచీ చెడ్డా రెండూ వాళ్ల మొహం చూసి చెప్పు. చెప్పడానికి నీకు గొంతు పెగలకపోతే వాళ్లను శామీర్‌పేట బస్సెక్కించు. నా దుకాణం ముందు దిగమను. కత్తిపీట పక్కన కూర్చోబెట్టుకొని, నా చెయ్యి చూపించి, నేను చెప్తాను.

నీ మేనత్త,
సరళ